సముద్రం లేని జిల్లాలో కయాక్ టీచర్

నలభై ఒక్క ఏళ్లు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. నలభై అయిదు నిండకముందే ఆ సముద్రం మీదికే పిల్లల్ని పడవల్లో తీసుకుపోయాను. అక్కడ ఏం జరిగిందో తెలిస్తే మీలో కొందరికి నా మీద ఫిర్యాదు చేయాలనిపించవచ్చు. చేసుకోండి. నేను రిటైరయ్యాను, ఇక నన్ను ఎవరూ ఎక్కడికీ బదిలీ చేయలేరు.

నా పేరు సుశీల. మాది మిర్యాలగూడ. మా నాన్న రైసుమిల్లులో హమాలీ. నేను పి.ఈ.టి.ని, అంటే పిల్లల భాషలో ఆటల మేడాన్ని. ఖోఖో, కబడ్డీ నేర్పడం నా పని. ఉద్యోగంలో చివరి సగం గరిడేపల్లి వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో గడిచింది. అక్కడే నాకు కయాక్ తగులుకుంది. కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునే సన్నని పడవ. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. కూర్చున్నప్పుడు నడుము నుంచి పైభాగం మాత్రమే బయటికి కనిపిస్తుంది. మా వంటామె దాన్ని మొదటిసారి చూసి, "గిదేంది మేడం, మనిషిని సగం పూడ్చిపెట్టినట్టుంది" అంది. ఇంతకంటే బాగా వర్ణించినవాళ్లు నాకు ఇప్పటిదాకా తగల్లేదు.

ఈ మధ్య పిల్లల్ని కొండలెక్కించే, నీళ్లమీద తిప్పే పనిలోకి చాలామంది యువతీయువకులు వస్తున్నారు. కొందరు సూర్యాపేటలో మా ఇంటికి వచ్చి "మీ అనుభవం చెప్పండి మేడం" అని అడుగుతారు. టీ తాగేలోపు అయ్యే కథ కాదు కాబట్టి రాస్తున్నాను. నాకు ఏ సన్మానం ఎప్పుడు జరిగిందో రాయను. ఎక్కడెక్కడ బోర్లాపడ్డానో రాస్తాను. మీకు పనికొచ్చేది అదే.

మోచేతి దాకా లేచిన చెయ్యి

ఒకరోజు మా స్కూలుకు ఉత్తరం వచ్చింది. బాపట్ల అవతల సముద్రం ఒడ్డున కయాక్ శిక్షణ ఉంది, స్కూలుకు ఒక టీచరు రావాలి అని. హెడ్మాస్టరు సత్యనారాయణ సారు స్టాఫ్ మీటింగు పెట్టారు. ఒకరికి బీపీ ఉందట, ఒకరికి మరదలి పెళ్లట, ఇంకొకరికి నీళ్లంటే చిన్నప్పటి నుంచి పడదట. ఆ రోజు నేను ఖోఖో జట్టును తీసుకుని కోదాడ పోయాను. మీటింగుకు రాని మనిషికి సాకు చెప్పే అవకాశం ఉండదు కదా. సాయంత్రం తిరిగొచ్చేసరికి నా పేరు వెళ్లిపోయింది.

"సార్, నాకు ఈత రాదు" అన్నాను.

"మీది మిర్యాలగూడ కదమ్మా? కాలువల మధ్య ఊరు. ఎట్ల రాదు?" అన్నారాయన.

ఆ లెక్కన సిమెంటు ఫ్యాక్టరీల పక్కన పుట్టినవాళ్లందరికీ మేడలు కట్టడం రావాలి.

శిక్షణలో మొదటి రోజు ఇరవై మందిమి ఇసుకలో వరసగా నిలబడ్డాం. మా గురువు పేరు ఏడుకొండలు. చేపలు పట్టే కుటుంబం ఆయనది. అరవై దాటిన మనిషి, ఎండకు ఆరిన చేపలా బిగిసిన ఒళ్లు. "ఈతొచ్చినోళ్లు చెయ్యెత్తండి" అన్నాడు. అందరూ ఎత్తారు. ఆటల మేడాన్ని, నేను ఎత్తకపోతే ఎలా? నేనూ ఎత్తాను.

ఆయన నా దగ్గరకొచ్చి ఆగాడు. "మీ చెయ్యి మోచేతికాడే ఆగిపోయిందేంటమ్మా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, చెవులు కాలిపోతుంటే. మధ్యాహ్నం ఒంటరిగా దొరికినప్పుడు నిజం చెప్పేశాను. ఆయన తిట్టలేదు. పది రోజులూ పొద్దున్నే, మిగతావాళ్లు లేవకముందే, నడుముల్లోతు నీళ్లలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి తల కింద అరచెయ్యి పెట్టి తేలడం నేర్పించాడు. ఆ వయసులో చంటిపిల్లలా ఒకరి అరచేతి మీద తల పెట్టుకోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. మూడో రోజు ఆయన చెయ్యి ఎప్పుడు తీసేశాడో నాకు తెలియలేదు.

కయాక్‌లో కూర్చున్నాక నడుముకు ఒక రబ్బరు గుడ్డ తొడుక్కుని దాని అంచును పడవకు బిగిస్తారు, నీళ్లు లోపలికి రాకుండా. చూడ్డానికి అచ్చం లంగా. మేమందరం దాన్ని లంగా అనే పిలిచేవాళ్లం. మీసాలున్న వ్యాయామ ఉపాధ్యాయులు లంగా కట్టుకుని ఇసుకలో నడుస్తుంటే, పది రోజుల కష్టమూ ఆ ఒక్క దృశ్యంతో తీరిపోయేది.

ఇక మొదటి పాఠం పడవ నడపడం కాదు, బోల్తా పడటం. పడవను తిప్పేస్తారు. తల కిందికి, కాళ్లు పైకి, పడవలో ఇరుక్కుని ఉంటాం. అప్పుడు కంగారుపడకుండా చేతులు ముందుకు చాచి, లంగా కొస పట్టుకు లాగి, బయటికి జారుకోవాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. నేను మొదటిసారి లోపలే ఉండి కేకలు పెట్టాను. నీళ్లలో కేకలు పెడితే నీళ్లు మింగడమే అని అప్పుడు తెలిసింది. ఏడుకొండలు పడవను నిలబెట్టి, నేను దగ్గి దగ్గి ఆగేదాకా చూసి, "కింద ఎవురున్నారని పిలిచారమ్మా?" అని అడిగాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు నా మొదటి మాట ఇదే. రానిదాన్ని వచ్చు అని చెప్పకండి. వేరే ఉద్యోగాల్లో ఆ అబద్ధం ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇక్కడ అరనిమిషం నడవదు.

మిరపకాయల పడవలు

నేను తిరిగొచ్చిన కొన్ని నెలలకు ఎనిమిది కయాక్‌లు లారీలో స్కూలుకొచ్చాయి. హెడ్మాస్టరు సారు వాటిని మురిపెంగా చూసి డాబా మీదికి ఎక్కించారు. "సముద్రమే మన గురువు" అని ఫ్లెక్సీ కూడా కొట్టించారు. సముద్రం మా ఊరికి ఎంత దూరమో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నీళ్ల కోసం వెతుకులాటలో పడ్డాను. కాలువ దగ్గరే ఉంది గానీ, కాలువ వైపు పిల్లల్ని తీసుకుపోను అని మొదటిరోజే చెప్పేశాను. కాలువ నీళ్లు నిశ్శబ్దంగా ఉంటాయి, గోడలు జారుడుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చివరికి కృష్ణా ఆనకట్ట వెనకనీళ్ల దగ్గర ఒక మంచి ఒడ్డు దొరికింది. లోతు తక్కువ, అడుగున ఇసుక. అనుమతి రావడానికి వేసవి అంతా పట్టింది.

ఈలోగా డాబా మీద ఖాళీగా ఉన్న పడవలు చూసి మా వంటామె ఊరుకోలేదు. అంత సొగసైన, పొడవైన, గాలి తగిలే తొట్లు ఆమెకు ఇంకెక్కడ దొరుకుతాయి? ఎనిమిదింట్లోనూ మిరపకాయలు ఎండబెట్టింది. ఆ సంగతి నాకు తెలియదు.

మొదటి ఆదివారం ఎనిమిది మంది అమ్మాయిలను వాటిలో కూర్చోబెట్టి, లంగాలు బిగించి, నీళ్లలోకి తోశాను. అయిదు నిమిషాలకు ఒకమ్మాయి తుమ్మింది. తర్వాత ఇంకొకామె. తర్వాత అందరూ ఒకేసారి, "మేడం, మంట! మేడం, తొడలు మంట!" అని అరుస్తూ పడవలను తిప్పేసి నీళ్లలోకి దూకారు. బోల్తా పడటం నేర్పడానికి నేను రెండు రోజులు కేటాయించుకున్నాను. మిరపకారం రెండు నిమిషాల్లో నేర్పేసింది.

ఆ జట్టులో మమత అని కబడ్డీ కెప్టెన్ ఉండేది. భుజాల బలం, గొంతు బలం ఉన్న పిల్ల. ఏడుకొండలు నాకు నేర్పిన ప్రతి మెళకువా ఆమెకు ఒక్క చూపుతో వచ్చేసింది. ఇంకో పిల్ల రేణుక. చివ్వెంల దగ్గర ఒక పల్లె వాళ్లది. మాట తక్కువ, సన్నగా గాలికి ఊగేలా ఉండేది. ఆ పిల్ల ప్రతి వారం బోల్తా పడేది. గాలి లేకున్నా పడేది. నీళ్లు అద్దంలా ఉన్నా పడేది. తోటిపిల్లలు "మునకల రాణి" అని పేరు పెట్టారు. నేను విని నవ్వాను, ఆపలేదు. నా పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన "శరీరానికి బ్యాలెన్సు లేదు" అని రాసుకున్నాను కూడా. టీచర్లు రాసుకునే పుస్తకాల్లో ఎన్ని అబద్ధాలుంటాయో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

బూట్లతో ఎక్కిన సారు

కోదాడలో ఒక పర్యవేక్షణాధికారి ఉండేవారు, మాధవరావు సారు. తనిఖీకి వస్తున్నారంటే స్కూళ్లకు సున్నం వేయించేంత పేరు. ఆయన ఒక ఆదివారం చెప్పకుండా వెనకనీళ్ల దగ్గరకు వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, నల్ల బూట్లు.

"ఏంటండీ మేడం ఇది? పిల్లలు చదువుకోవాల్సిన టైములో?"

"ఆదివారం సార్."

"ఆదివారమైతే మాత్రం?" అని కాసేపు చూశారు. మమత రివ్వున దూసుకుపోతోంది. ఆయన ముఖం కొంచెం మారింది. "ఇది మునుగుద్దా?"

"కూర్చునేవాళ్లను బట్టి సార్."

"నేను ఒకసారి కూర్చుంటాను. ఒక ఫోటో తియ్యండి."

బూట్లు విప్పమన్నాను. అక్కర్లేదన్నారు. లైఫ్ జాకెట్ మాత్రం వేయకుండా వదల్లేదు. ఒడ్డున కూర్చోబెట్టాను. ఫోటో తీస్తుంటే ఆయన చొక్కా సర్దుకోవడానికి ఒక పక్కకు వంగారు. అంతే, కోదాడ డివిజన్ మొత్తానికి భయం పుట్టించే మనిషి, తొడల్లోతు నీళ్లలో బుడుంగుమన్నారు. బూట్లు రెండూ ఒక క్షణం పైకి కనిపించాయి.

లేపాము. నా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాను. ఆయన ముఖం తుడుచుకుని, "మళ్లీ చెయ్యొచ్చా?" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన నిక్కరులో వచ్చారు. ఆ తర్వాతా వచ్చారు. ఒకసారి తెడ్డు ఒళ్లో పెట్టుకుని నాతో అన్నారు: "ముప్పై ఏళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఏమీ నేర్చుకోమనలేదండి. అన్నీ వచ్చినోడిలాగే తిరిగాను. ఇక్కడ ఆ పిల్లలు నన్ను తిడుతున్నారు, చూశారా? ప్రాణం హాయిగా ఉంది." నిజమే, తెడ్డు తిరగేసి పట్టుకున్నందుకు మమత ఆయన్ని అందరి ముందూ చివాట్లు పెట్టింది.

పై అధికారుల గురించి నా అభిప్రాయం అడిగితే ఒకటే చెబుతాను. వాళ్లను ఒకసారి నీళ్లలో పడనివ్వండి. కొందరు మీ మీద పగబడతారు. కొందరు మీ మనుషులైపోతారు. ఏ రకమో ముందుగా తెలుసుకునే మార్గం నాకు దొరకలేదు.

ఆగమన్నప్పుడు ఆగలేదు

ఇప్పుడు అసలు తప్పు. ఇది నవ్వుతూ మొదలైంది గానీ నవ్వులాటకు జరిగింది కాదు.

రెండేళ్ల సాధన తర్వాత ఆరుగురు అమ్మాయిలతో సముద్రం మీద ప్రయాణం పెట్టుకున్నాం. చేపలు పట్టే పల్లెకారుల ఊరి నుంచి తీరం వెంబడి ఇంకో ఊరికి, మూడు రోజులు. ఏడుకొండలు తన ఇంజను పడవలో మా పక్కనే వస్తాడు. జాబితాలో రేణుక లేదు. బయల్దేరే ముందు ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. ఇంకెవరూ లేక, నసుగుతూనే రేణుకను ఎక్కించుకున్నాను.

మొదటి రెండు రోజులు పండగలా గడిచాయి. మమత మాత్రం అలల మీద ఒకటే వాంతులు చేసుకుంది. పట్టుకోవడానికి ఏమీ లేని చోట తన భుజాల బలం పనికిరావడం లేదని ఒడ్డుకొచ్చాక ఏడ్చింది. ఆ పిల్ల ఏడవడం స్కూల్లో ఎవరూ చూడలేదు. ఆ సాయంత్రం మిగతా పిల్లలకు ఆమె అన్నం వడ్డించింది. అంతకు ముందు ఎప్పుడూ తన కంచమే ముందు పట్టేది. నేను ఆత్మపరిశీలన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే అదంతా పాడయ్యేది.

మూడో రోజు పొద్దున సముద్రం పాలమీద మీగడలా కదలకుండా ఉంది. మేము చేరాల్సిన ఊళ్లో మాధవరావు సారు అరటి గెలలు పట్టుకుని, మరో ఇద్దరు అధికారులను వెంటబెట్టుకుని ఎదురుచూస్తున్నారు. పది గంటలకల్లా వస్తామని నేనే మాటిచ్చాను.

ఏడుకొండలు ఇంజను స్టార్టు కావడం లేదు. ఆయన ఒడ్డున నిలబడి ఇసుక పిడికెడు తీసి వదిలాడు. ఇసుక సముద్రం వైపు ఎగిరింది.

"ఆగండమ్మా. నేలగాలి తోలతంది. ఒడ్డుకాడ బానే కనపడుద్ది, లోపలికి పోయినాక లాగేసుద్ది. ఎండెక్కినాక గాలి తిరుగుద్ది. ఈలోపు నా ఇంజనూ బాగవుద్ది."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

నేను నీళ్ల వైపు చూశాను. అంత ప్రశాంతమైన నీళ్లు అప్పటిదాకా చూడలేదు. "ఒడ్డు పక్కనే పోతాం. మీరు వెనకే వచ్చి కలవండి" అన్నాను. ఆయన నా వైపు ఒకసారి చూసి ఇంజను మీదికి వంగాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు ఈత నేర్పిన మనిషి.

మొదటి అరగంట తెడ్డు వేయకుండానే పడవలు పోతున్నాయి. పిల్లలు పాటలు పాడుతున్నారు. రోజు బాగుందనుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే కొబ్బరిచెట్లు అగ్గిపుల్లలంత ఉన్నాయి. గాలి మమ్మల్ని బయటికి తోసేస్తోంది. ఒడ్డు వైపు తిప్పమని ఈల ఊదాను. తిప్పాక తెలిసింది గాలి ఎంత ఉందో. అయిదుగురు నెమ్మదిగా ముందుకు పోతున్నారు. ఒకమ్మాయి చేతులు పడిపోయి, తెడ్డు వేస్తున్నా వెనక్కే పోతోంది.

నేను తాడు తీసి ఆ పిల్ల పడవకు కట్టబోయాను. వెనక్కి తిరిగి వంగాను. పక్క నుంచి ఒక అల వచ్చింది. బోల్తా.

బయటికి బాగానే వచ్చాను. లంగా లాగాను, జారాను, తల పైకెత్తాను. పడవ పట్టుకున్నాను. కానీ తిరిగి ఎక్కబోతే కుడి భుజం కలుక్కుమంది. చెయ్యి లేవడం లేదు. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ జారిపోయాను. లైఫ్ జాకెట్ ఉంది, మునగను. కానీ మొత్తం ఆరుగురు పిల్లలు నన్నే చూస్తున్నారు, గాలి అందర్నీ లోపలికి లాగుతోంది. ఇంజను శబ్దం ఎక్కడా లేదు. నాకు ఆ క్షణంలో భయం వేసింది నా గురించి కాదు. వాళ్ల అమ్మల ముఖాలు వరసగా కనిపించాయి.

అప్పుడు పక్క నుంచి ఒక గొంతు వినిపించింది.

"మేడం, పడవ ఇడువకుండ్రి. గట్టిగ పట్టుకోండ్రి."

రేణుక. ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. వచ్చి నా పడవ ముక్కును తన పడవ మీదికి లాక్కుని నీళ్లు ఒంపేసింది. దాన్ని నిలబెట్టి, తన పక్కనే ఆనించి, రెండు చేతులతో వాటేసుకుంది.

"ఇగ రాండ్రి."

"చెయ్యి లేస్తలేదే" అన్నాను.

"చెయ్యి కాదు మేడం, కాళ్లు. కాళ్లు పైకి తేలనియ్యుండ్రి. బోర్ల పండుండ్రి. కప్ప లెక్క కొట్టుండ్రి. మీరే చెప్తరు గద, మర్చిపోయిన్రా?"

అవమానంగా ఉంది. అయినా కప్పలా కాళ్లు కొట్టాను. నడుము పట్టుకుని లాగింది. బోర్లా పడుకుని, మెల్లగా తిరిగి, కూర్చున్నాను. ఆ పిల్ల నా లంగా బిగించి, "సప్పుడు చెయ్యకుండ గూసోండ్రి" అంది. తర్వాత మమతను పిలిచి నా పడవకు తాడు కట్టించింది. చేతులు పడిపోయిన పిల్లను తను కట్టుకుంది. అందరినీ ఒకరి వెనక ఒకరిని వరసగా పెట్టి, "ఒడ్డు సూడకుండ్రి, ముందటి పడవ సూడుండ్రి" అని చెప్పింది. నేను బుద్ధిగా ముందటి పడవను చూశాను.

ఎంతసేపైందో చెప్పలేను. ఎండెక్కింది. ఏడుకొండలు చెప్పినట్టే గాలి ఆగింది, తర్వాత తిరిగింది, మా వీపుల మీద పడింది. ఒడ్డు దగ్గరపడుతుండగా ఇంజను శబ్దం వినిపించింది. ఆయన మమ్మల్ని లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

ఇసుకలో కూలబడ్డాక రేణుకను అడిగాను. "ఇదంతా ఎప్పుడు నేర్చినవే?"

ఆ పిల్ల కాలి బొటనవేలితో ఇసుక గీకింది. "వారం వారం పడతుంటి గద మేడం."

"వారం వారం పడతవనే కద నా బాధ!"

"ఊకెనే పడలే. కావాల్నని పడ్డ. కింద మంచిగుంటది మేడం. సప్పుడుండది. హాస్టల్ల ఏడ సూసినా లొల్లే."

నా పుస్తకంలో బ్యాలెన్సు లేదని రాసుకున్న పిల్ల, రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం నా కళ్ల ముందే, ఒంటరిగా ఉండటానికి నీళ్లలో ఒక గది వెతుక్కుంది. ఆ గదిలోకి వెళ్లడం, రావడం ఆమెకు ఇంటి గుమ్మం దాటినంత సులువైపోయింది. నేను పడినప్పుడు ఆ పిల్లకు కంగారెందుకు ఉంటుంది?

ఎనిమిది రోజుల మౌనం

ఎదురుచూస్తున్న సార్లకు ఇంజను చెడి ఆలస్యమైందని మాత్రమే చెప్పాను. తిరుగు బస్సులో మమత అందరి తరఫున నా సీటు దగ్గరకొచ్చింది. "మేడం, ఎవ్వలికి చెప్పొద్దు. చెప్తే ఇగ కయాకులు ఖతం. మేమెవ్వలం నోరిప్పం."

నేను సరేననలేదు. కాదనీ అనలేదు. స్కూల్లో దండ వేశారు. హెడ్మాస్టరు సారు ఇంకో ఫ్లెక్సీ కొట్టించారు. ఎనిమిది రోజులు ఆ ఫ్లెక్సీ కింది నుంచే తల వంచుకుని నడిచాను.

తొమ్మిదో రోజు రేణుక వాళ్లమ్మ సైదమ్మ బిడ్డను చూడటానికి వచ్చింది. ఆమె నాట్ల కూలీల ముఠాకు పెద్ద. ముప్పై మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఊరూరా వరి నాట్లు వేయిస్తుంది. నన్ను చెట్టు కింద ఆపి అడిగింది.

"మా పిల్ల ఏమన్న తప్పు జేసిందా మేడం? మీ పేరెత్తితే నవ్వుతది. ఎందుకే అంటే చెప్పది."

తప్పించుకోవడానికి మంచి జవాబులు మూడు నాలుగు నాలుక చివర ఉన్నాయి. అవేవీ పైకి రాలేదు. మొత్తం చెప్పేశాను. ఇసుక, గాలి, రాని ఇంజను, నా భుజం, ఆమె బిడ్డ.

సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. చివరికి ఒక్కటే అడిగింది. "గా పెద్దమనిషి ఆగుమంటే ఎందుకాగలే?"

"తొందరలో ఉన్న."

"ఏం తొందర?"

చెప్పాలంటే సిగ్గేసింది. "అవతల పెద్దసారు అరటిపండ్లు పట్టుకుని ఎదురుచూస్తుండె."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నేను ముప్పై మందిని నాట్లకు తోల్కపోత మేడం. మొగులు, గాలి సూడకుండ ఒక్కనాడు ట్రాలీ ఎక్కియ్య. ఆసామి ఎంత మొత్తుకున్నా ఎక్కియ్య. చదువుకున్నోల్లు మీరు. అరటిపండ్లకాడ నా బిడ్డ పానం పెడతరా?"

నా సర్వీసులో ఇంక్రిమెంటు ఆపుతామని బెదిరించినవాళ్లున్నారు. ఈ మాట ముందు ఆ బెదిరింపులు ఏపాటివి?

"నాకు చెప్తే సరిపోదు. అందరి అమ్మలకు చెప్పుండ్రి" అని ఆమె బస్సెక్కింది.

తల్లిదండ్రుల సమావేశంలో లేచి చెప్పాను. హెడ్మాస్టరు సారు ముఖం తెల్లబడింది. ఒక తండ్రి నన్ను చాలా మాటలన్నాడు, అన్నీ న్యాయమైనవే. వెనక కూర్చున్న మాధవరావు సారు లేచి, "ఎదురుచూస్తా, పదింటికల్లా రండని తొందరపెట్టింది నేనేనండి. తప్పులో నాకూ వాటా ఉంది" అన్నారు. మాట ఇచ్చింది నేను, ఆయన అలా అనాల్సిన అవసరం లేదు. కయాక్‌లు ఆపేశారు. ఏడాది పాటు అవి డాబా మీదే ఉన్నాయి. మిరపకాయలు మళ్లీ ఎండాయి.

ఒడ్డున కూర్చున్న మనిషి

ఏడాది తర్వాత పిల్లలే తిరిగి అడిగారు. మాధవరావు సారు తిరిగి అనుమతి తెచ్చారు. ఈసారి నేనొక షరతు పెట్టాను. ఒడ్డున ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషి పడవ ఎక్కకూడదు, జీతం మా దగ్గర తీసుకోకూడదు, మా మెప్పు కోరుకోకూడదు. ఆ మనిషి వద్దంటే పడవ నీళ్లలో దిగకూడదు. కారణం అడగకూడదు.

ఎవరిని పెట్టాలో వెతకాల్సిన పని లేకపోయింది.

మళ్లీ మొదలుపెట్టిన ఆదివారం వెనకనీళ్ల దగ్గర జాతరలా ఉంది. పిల్లలు లంగాలు బిగించుకున్నారు. మాధవరావు సారు హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు అతిథులను తీసుకొచ్చారు. రేణుక, మమత ఇంటర్లో చేరినా చిన్నపిల్లలకు నేర్పడానికి వచ్చారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆకు కదలడం లేదు. సైదమ్మ ఒడ్డున గొడుగు వేసుకుని, మెడలో నా ఈల వేలాడేసుకుని, బండరాయి మీద కూర్చుంది. నీళ్లు చూసింది, ఆకాశం చూసింది, అతిథులను చూసింది.

"ఇయ్యాల వద్దు" అంది.

ఎందుకని అడగబోయి ఆగాను. షరతు నాదే. మాధవరావు సారు నా వైపు చూశారు. నేను పిల్లల వైపు తిరిగి, "లంగాలు విప్పుండ్రి" అన్నాను. అతిథులు వాచీలు చూసుకున్నారు. అందరం షెడ్డు కింద కూర్చుని పులిహోర తిన్నాం. పదకొండు, పన్నెండు, ఒంటిగంట. ఎండ కాస్తూనే ఉంది. నీళ్లు నిద్రపోతున్నట్టున్నాయి. అతిథులు ఓపిక పట్టలేక కారెక్కి వెళ్లిపోయారు. ఒక్క చినుకు రాలలేదు, గాలీ వీచలేదు.

పొద్దువాలుతుండగా నేను మెల్లగా సైదమ్మ పక్కన కూర్చున్నాను. "కారణం అడగొద్దని నేనే అన్న. అయినా అడుగుత. ఇయ్యాల నీకు ఏం కనవడ్డది సైదమ్మా? నాకైతే ఏం కనవడలే."

ఆమె నమలుతున్న ఆకువక్క పక్కకు ఉమ్మి, ఈల మెడలోంచి తీసి కొంగుతో తుడిచింది.

"ఏం లేదు మేడం. ఇయ్యాల బంగారమసొంటి దినం. నాకు తెల్సు."

"మరెందుకు ఆపినవ్?"

"మీరు ఆగుతరో ఆగరో సూసిన" అంది. "వచ్చే ఐతారం పొద్దుగాల్నే రాండ్రి."